పావుగంట నీళ్ళు

పోయిన వారం కావేరిని మనం గురుగ్రామ్‌లో ఆఫీసు కారు ఎక్కుతుండగా వదిలాం. ఒళ్ళో చేతిసంచి, సంచిలో ఒక కవరు, కవరులో ఒకే ఒక్క కాగితం. పల్నాడు మిరపచేలల్లో కూలికి వెళ్ళే గౌరి అనే మనిషి, కావేరి పనిచేసే కంపెనీ అమ్మే "సుపర్ణ" తెగుళ్ళ మందు పొడి కంట్లో పడి కుడికంటి చూపు పోగొట్టుకుంది. మిగిలిన కంటినైనా కాపాడుకుందామని ఢిల్లీ దాకా వచ్చింది. ఆమె చేత ఆ కాగితం మీద సంతకం పెట్టించుకు రమ్మని డైరెక్టర్ రఘురామ్ కావేరిని పంపించాడు. "మన భాషవాళ్ళు. నువ్వైతే మాట వింటారు" అన్నాడు.

ఆయన చెప్పినందుకే కావేరి బయల్దేరిందనుకుంటే పొరపాటు. సుపర్ణ పొట్లంలో మడిచి పెట్టే తెలుగు కరపత్రం రాసింది తనే. బాపట్లలో వ్యవసాయం చదివి, పన్నెండేళ్ళుగా ఈ కంపెనీలో లేబుళ్ళ పని చూస్తున్న మనిషి. ఆ కరపత్రాన్ని ఆఫీసు తెలుగులో రాయలేదామె. చేలో నిలబడి పక్కమనిషికి చెబుతున్నట్టు రాసింది. గాలికి ఎదురుగా నిలబడి పొట్లం విప్పొద్దని, చేత్తో కలపొద్దని, తొడుగులూ కళ్ళద్దాలూ ముక్కుకు మాస్కూ లేకుండా డ్రమ్ము దగ్గరికి పోవద్దని, మందు కొట్టిన బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దని. ఇన్ని రాసినా ఒక మనిషి కన్ను పోయిందంటే, కావేరి మనసులో జాలితో పాటు చిన్న విసుగు కూడా ఉంది. చదవరు. చదివినా వినరు. ఆ విసుగును ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, దారి పొడుగునా అది ఆమె పక్క సీట్లోనే కూర్చుంది.

మార్కెట్ రద్దీలో కారు ముందుకు పోదని డ్రైవర్ సరోజినీ నగర్ మలుపులోనే దింపేశాడు. ఫిబ్రవరి ఎండ హాయిగా ఉంది. క్వార్టర్ల ముందు ఆడవాళ్ళు నులకమంచాలు వేసుకుని బఠాణీలు ఒలుస్తున్నారు. మూడో వరుసలో, మొదటి అంతస్తులో తలుపు తీసినవాడు కిరీటి. గౌరి తమ్ముడు. సివిల్స్‌కు చదువుకోవడానికి నాలుగేళ్ళ కిందట ఢిల్లీ వచ్చాడు. ఊరెళ్ళిన ఒక తెలుగు ఉద్యోగి కుటుంబం, ప్రభుత్వ పెద్దాసుపత్రికి దగ్గరని తమ ముందుగది వీళ్ళకు వదిలి వెళ్ళింది.

"రండి మేడం. కంపెనీ నుంచి ఎవరో వస్తారన్నారు. తెలుగావిడ వస్తారనుకోలేదు" అన్నాడు కిరీటి. మాటలో మర్యాదకు లోటు లేదు. ముఖంలో నవ్వు మాత్రం లేదు.

గౌరి కిటికీకి వీపు పెట్టి నేల మీద కూర్చుని ఉంది. వెలుతురు చూడలేకపోతోంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. కుడికంటి మీద ఆకుపచ్చ గుడ్డ. ఎడమకన్ను ఎర్రగా ఉండి నీరు కారుతూనే ఉంది. ఆ నీటిని ఆమె తుడుచుకోవడం కూడా మానేసింది.

"కూచోండమ్మా. ఒరే, ఆ కుర్చీ మీద బట్టలు తియ్యి."

"ఎలా ఉంది గౌరీ?" అంది కావేరి.

"కుడిది అయిపోయిందన్నారమ్మా. నల్లగుడ్డు మీద తెల్లగా పొర కట్టింది. చచ్చిపోయినోళ్ళ కన్ను దొరికితే ఆ పొర తీసేసి ఇది పెడతారంట. పెట్టినా చూపు వచ్చిద్దో రాదో చెప్పలేమన్నారు. ఎడమదానికీ ఆపరేషన్ చెయ్యాలంట. అది నిలబడితే చాలు."

"అసలేం జరిగింది?"

గౌరి ఈ కథ ఇప్పటికి ఎంతమందికి చెప్పిందో. ఎక్కడా తడబడలేదు. "కాయకుళ్ళు ఎక్కువైందని ఆసామి మందు కొట్టిస్తన్నాడు. పంపులు మోసేది మొగోళ్ళు. నీళ్ళు మోసేది, డ్రమ్ములో మందు కలిపేది మేము. పొట్లం చింపుతుంటే గాలి తిరిగింది. గుప్పెడు పొడి మొకాన కొట్టింది."

"చేత్తోనే కలుపుతారా?"

"మరి? కర్రతో తిప్పితే ఉండ కట్టిద్ది. ఉండ కడితే పంపు పట్టేసిద్ది. పట్టేస్తే తిట్లు మాకు."

కావేరి అనకూడదనుకుంటూనే అనేసింది. "తొడుగులు వేసుకోమనీ, కళ్ళద్దాలు పెట్టుకోమనీ కాగితంలో రాసి ఉంటుంది కదమ్మా."

గౌరి ఎడమకన్ను చికిలించి ఆమె వైపు చూసింది. "ఉంది. నేను ఏడో తరగతి దాకా చదివానమ్మా. చదవకుండా ఏ పొట్లమూ చింపను. మా ముఠాలో చదవొచ్చినదాన్ని నేనే, అందుకే మందు కలిపే పని నాకిస్తారు. కళ్ళద్దాలు పెట్టుకోమని రాశారు. మందమ్మినోడు మందిచ్చాడు, అద్దాలివ్వలా. ఆసామినడిగితే, ఏం గౌరీ పెళ్ళికి పోతన్నావా అని నవ్వాడు. పక్కనున్నోళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వా."

కింద ఎవరో పాత సామాన్ల బండివాడు కేక వేసుకుంటూ పోయాడు.

"పొడి పడ్డాక ఏం చేశావు?" అంది కావేరి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీద తన మనశ్శాంతి అంతా ఆధారపడి ఉందని ఆమెకు తెలుసు.

"కడిగా. మీ కాయితంలో ఉన్నట్టే."

"ఎంతసేపు?"

"ఎంతసేపేందమ్మా? కడగమన్నారు, కడిగా. రెండు దోసిళ్ళు కొట్టుకున్నా. మంట తగ్గలా. ఆసామి భార్య ఆముదం చుక్కలేసింది, చల్లగా ఉండిద్దని. మళ్ళీ వంగి ఇంకో డ్రమ్ము కలిపా. పొద్దుగూకేసరికి రెప్ప తెరుచుకోలా."

"అలా కాదు! పావుగంట పొయ్యాలి. నూనెలు వెయ్యొద్దు. అదీ రాసి ఉంది, నేనే రాశాను." కావేరి గొంతు ఆమెకే తెలియకుండా పెరిగింది. సంచిలోంచి తన దగ్గర దాచుకున్న ప్రతి తీసి గబగబా చదివింది. "పొడి కంట్లో పడితే రుద్దొద్దు. వెంటనే పని ఆపేయాలి. రెప్పలు రెండు వేళ్ళతో విప్పి పట్టుకుని, మందు కలవని మంచినీళ్ళు పావుగంటకు తగ్గకుండా ధారగా పొయ్యాలి. నూనె, పాలు, పసరు ఏవీ వెయ్యొద్దు. మంట తగ్గినా సరే, ఈ పొట్లం చేత పట్టుకుని అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆలస్యమైతే చూపు పోవచ్చు."

చదవడం అయ్యాక తల ఎత్తితే అక్కాతమ్ముళ్ళిద్దరూ తన వైపే చూస్తున్నారు. కోపంగా కాదు. పరభాష విన్నట్టు.

"ఇదంతా ఎక్కడుందమ్మా?" అంది గౌరి.

కిరీటి లేచి, పాలిటీ పుస్తకం మధ్యలోంచి మడతలు విప్పి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీశాడు. చేలో దొరికిన పొట్లంలోది. మడతల్లో ఇంకా పసుపు రంగు పొడి ఇరుక్కుని ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవరులోంచి బయటికి తియ్యకుండానే కావేరి ముందు పట్టుకున్నాడు.

కావేరి చదివింది. "కళ్ళలో పడినచో నీటితో కడిగి వైద్యుని సంప్రదించవలెను." అంతే. పావుగంట లేదు. రుద్దొద్దన్న మాట లేదు. నూనె సంగతి లేదు. చూపు పోవచ్చన్న హెచ్చరిక లేదు. ఆ వాక్యాలు ఉండాల్సిన చోట మిలమిల మెరిసే ఎర్రటి మిరపకాయల బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో, "పది ప్యాకెట్లు కొంటే టీషర్టు ఉచితం".

"ఇది నేను రాసింది కాదు" అంది కావేరి.

"ఎవరు రాస్తే ఏందమ్మా? నేను చదివింది ఇదే" అంది గౌరి.

ఆ మాటలో నింద లేదు. నింద ఉంటే కావేరికి జవాబు చెప్పుకోవడానికి చోటుండేది.

"సంచిలో ఏదో కవరు కనిపిస్తోంది మేడం. అదేమిటి?" అన్నాడు కిరీటి. కావేరి కాదనలేకపోయింది. అతను ఇంగ్లీషు కాగితం విప్పి, అక్క కోసం తెలుగు చేస్తూ చదివాడు. "రక్షణ పరికరాలు వాడాలని నాకు ముందే తెలుసు. వాడకపోవడం నా సొంత నిర్లక్ష్యం. ఈ విషయమై ఇక ముందు ఎక్కడా, ఎవరికీ ఫిర్యాదు చెయ్యను. ఇందుకు బదులుగా కంపెనీ వాళ్ళు ప్రైవేటు ఆసుపత్రిలో నీ ఎడమకంటికి ఆపరేషన్ చేయిస్తారట అక్కా. మొత్తం వాళ్ళే చూసుకుంటారట."

గౌరి క్షణం కూడా ఆలోచించలేదు. "పెన్నియ్యి."

"అక్కా! నీ నిర్లక్ష్యం అని రాశారు. అర్థమైందా నీకు?"

"అర్థం కాకేం. రాసుకోనీరా. ఆ మాటకి నొప్పి పుట్టదు, కంటికి పుడతంది. పెద్దాసుపత్రిలో నంబరు ఎప్పుడొచ్చిద్దో నువ్వు చెప్పగలవా? నా పిల్ల మొకం ఇప్పటికే మసగ్గా కనపడతంది. ఇదీ పోయినాక నిజం గెలిస్తే నాకు కనపడిద్దా?"

కిరీటి జేబు తడుముకున్నాడు. పెన్ను తీసి ఇచ్చాడు. గౌరి కాగితం కోసం గాలిలో తడిమింది. అప్పుడు కావేరి చేసిన పని, ఆమె కూడా ముందుగా అనుకున్నది కాదు. కాగితం లాక్కుని మళ్ళీ సంచిలో పెట్టేసింది.

"వద్దు గౌరీ. దీని మీద సంతకం పెట్టొద్దు. సాయంత్రం దాకా నాకు టైమివ్వు. ఆపరేషన్ సంగతి నేను మాట్లాడతాను. ఈ కాగితం లేకుండానే."

"మీకు టైము ఉండిద్దమ్మా. కరిగిపోయేది నాది" అంది గౌరి, గోడకు తల ఆనించి. "సరే. పొద్దుగూకేదాకా చూస్తా. మధ్యాన్నం రెండింటికి ఆసుపత్రిలో ఎడమకంటికి ఏదో పరీక్ష ఉందంట. అదయ్యొచ్చాక ఇక్కడే ఉంటా."

కరపత్రం ఇమ్మని కావేరి అడిగితే కిరీటి తల అడ్డంగా ఊపాడు. "ఫోటో తీసుకోండి మేడం. అసలుది మాత్రం ఇవ్వను." తన మీద అతనికి నమ్మకం లేదు. ఉండాల్సిన అవసరమూ లేదనిపించింది కావేరికి. ఫోటో తీసుకుని, తన నంబరు అతనికిచ్చి మెట్లు దిగింది.

*

రఘురామ్ గది పద్నాలుగో అంతస్తులో. విజయవాడ మనిషి. పన్నెండేళ్ళ కిందట ఇంటర్వ్యూలో కావేరి తెలుగు విని ముచ్చటపడి ఉద్యోగం ఇచ్చినవాడు. మీటింగులు ముగించుకుని ఆయన ఆమెను లోపలికి పిలిచేసరికి మూడు దాటింది.

"అయిందా సంతకం?"

"లేదు సర్." ఫోను ఆయన ముందు పెట్టింది. "ఈ వాక్యాలు ఎవరు తీసేశారు?"

ఆయన ఫోటో చూశాడు. ఆశ్చర్యపోతాడేమోనని కావేరి ఆయన ముఖం వైపు కన్నార్పకుండా చూసింది. ఆశ్చర్యం రాలేదు. కళ్ళజోడు సర్దుకున్నాడంతే.

"కాగితం సైజు తగ్గించాం. మార్కెటింగ్ వాళ్ళకి ఆఫర్ కోసం స్పేస్ కావాల్సి వచ్చింది. నీళ్ళతో కడగమని ఉందా, లేదా? డాక్టర్ దగ్గరికి వెళ్ళమని ఉందా, లేదా? మన లీగల్ వాళ్ళు అది చాలన్నారు."

"రెండు దోసిళ్ళు కొట్టుకుంది సర్ ఆమె. కడగడమంటే అంతే అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. మొహం కడుక్కున్నట్టు కడుక్కుంటారు. పావుగంట పొయ్యాలని చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? కలిపే చేత్తోనే, ఆ డ్రమ్ము పక్క బకెట్లోనే నీళ్ళు తీసుకుని ఉంటుంది. ఆ నీళ్ళలో కూడా మందే ఉండి ఉంటుంది."

"గట్టిగా మాట్లాడకు."

"ఎవరు తీసేశారు సర్?"

రఘురామ్ లేచి, గోడ అల్మారాలోంచి ఫైలు తీసుకొచ్చాడు. అంత తొందరగా దొరికిందంటే అది ఈ మధ్యనే ఎవరో తీసి పెట్టిన ఫైలన్నమాట. ఒక పేజీ తెరిచి ఆమె వైపు తిప్పాడు. మిరపకాయల బొమ్మ, టీషర్టు, ఆ ఒక్క పొట్టి వాక్యం. అచ్చుకు పంపిన చివరి ప్రూఫు. కింద ఎడమ మూలన "చదివి ఆమోదించాను" అన్న రబ్బరు ముద్ర. ముద్ర మీద నీలి ఇంకుతో కావేరి సంతకం.

కావేరి ఆ తేదీ చూసింది. రెండేళ్ళ కిందటి మార్చి. ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది, ప్రూఫు మాత్రం గుర్తు లేదు. కూతురు ఇషిత స్కూల్లో మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుందని ఫోను వచ్చింది. ఢిల్లీకి అవతల వైశాలి దాకా పోవాలి. సంచి భుజానికి తగిలించుకుని పరిగెత్తబోతుంటే కారిడార్లో ఈయనే ఎదురొచ్చి కాగితాల కట్ట చేతికిచ్చాడు. నిలబడే సంతకాలు పెట్టింది. ఎన్నో లెక్క కూడా లేదు.

"మీరు ఆ రోజు ఫార్మాటింగ్ మార్పులే అన్నారు."

"అని ఉండొచ్చు. చదవడం నీ పని కదమ్మా. ఆ ముద్రలో మొదటి మాటే అది."

చదవరు, చదివినా వినరు. పొద్దున కారులో తన పక్కన కూర్చుని వచ్చిన ఆ మాట ఇప్పుడు ఎదురు తిరిగి తన మొహం మీదే ఉమ్మింది. ఏడో తరగతి చదివిన కూలిమనిషి పొట్లం చింపే ముందు కాగితం చదివింది. ఎమ్మెస్సీ చదివిన తను చదవలేదు.

"హిందీ ప్రతి? మరాఠీది? కన్నడం?" అడిగింది కావేరి.

"అన్నీ ఒకే సైజు."

"కళ్ళ గురించి ఇంకా ఫిర్యాదులు వచ్చాయా సర్?"

రఘురామ్ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "కావేరీ, ఆ ప్రశ్న నన్ను నోటితో అడిగావు, ఫరవాలేదు. మెయిల్లో మాత్రం అడగకు."

ఆ జవాబు కావేరికి సరిపోయింది. సంచిలోంచి కాగితం తీసింది. గౌరి కోసం తీసుకెళ్ళిన కాగితమే, వెనక్కి తిప్పింది.

"ఏం చేస్తున్నావు?"

"రాసిస్తున్నాను సర్. నేను రాసిన హెచ్చరికలు తీసేసిన ప్రూఫు మీద చదవకుండా సంతకం పెట్టాను. అందువల్ల ఒక మనిషి కన్ను పోయింది. అదే రాస్తాను. ఒక కాపీ మీకు, ఒకటి ఈ మందుకు లైసెన్స్ ఇచ్చిన సర్కారు వాళ్ళకి, ఒకటి గౌరి తమ్ముడికి."

"పిచ్చిపని. మొదటి ముద్దాయివి నువ్వే అవుతావు. ఉద్యోగం ఒక్కటే కాదు, ఇక ఈ ఫీల్డులో నీ ముఖం ఎవరూ చూడరు. ఇషిత చదువు సంగతి ఆలోచించావా?"

"మొదటి పేరు నాదే సర్. రెండో పేరు కూడా రాస్తాను. ఆ కాగితాల కట్ట ఎవరి చేతిలోంచి నా చేతిలోకి వచ్చిందో."

అరుస్తాడనుకుంది. సెక్యూరిటీని పిలుస్తాడనుకుంది. అవేవీ జరగలేదు. రఘురామ్ కుర్చీలో వెనక్కి వాలి, బెల్ నొక్కి రెండు కాఫీలు తెమ్మన్నాడు. "రాయి. నీ ఇష్టం. తేదీలు జాగ్రత్తగా వెయ్యి" అన్నాడు. మధ్యమధ్యలో తనే ప్రశ్నలు అడిగాడు. కరపత్రం మొదటి డ్రాఫ్టు ఎప్పుడిచ్చావు? నీ పాత కాపీ ఉందా? గౌరి సంతకం పెడతానందా, పెట్టనందా? ఆమె దగ్గర ఇంకెవరుంటారు? కావేరి రాస్తూనే జవాబులు చెప్పింది. నిజం చెప్పేవాళ్ళకు దాచుకునేదేముంటుంది అన్న తెగింపులో ఉందామె. గౌరి సాయంత్రం దాకా ఆగుతానందని కూడా చెప్పింది. రెండింటికి పరీక్ష ఉందనీ, ఆ తరవాత గదిలోనే ఉంటుందనీ చెప్పింది. ఆయన ఒకసారి ఫోనులో ఏదో టైపు చేసి పక్కన పెట్టాడు. ఎదురుగా చల్లారిన కాఫీ మీద మీగడ కట్టింది.

నాలుగున్నర అవుతుండగా కావేరి ఫోను మోగింది. కిరీటి.

"మేడం, అక్క ఏదీ?"

"అదేమిటి? గదిలోనే ఉంటానంది కదా."

"పరీక్ష అయ్యాక గదిలో దింపి మందుల కోసం వెళ్ళాను. అరగంట పట్టింది. వచ్చేసరికి తలుపు బయట గడియ పెట్టి ఉంది. కింద బఠాణీలు ఒలిచే ఆంటీ చెబుతోంది, తెల్లకారు వచ్చిందట, ఇద్దరు మనుషులు మెట్లు దింపి తీసుకెళ్ళారట. ఆపరేషన్‌కు అంతా రెడీ చేశామని చెప్పారట." కిరీటి గబగబా మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. "కావేరి మేడం పంపించారని చెప్పారట. మీ పేరు విని అక్క ఎక్కేసింది."

"నేను ఎవర్నీ పంపలేదు కిరీటీ! ఏ కారు? నంబరేదైనా..."

"పరీక్ష కోసం ఎడమకంట్లో చుక్కలు వేశారు మేడం. రాత్రి దాకా ఆమెకు అక్షరం కనపడదు. ఇప్పుడు ఏ కాగితం ముందు పెట్టినా, దాంట్లో ఏముందని వాళ్ళు చెబితే అదే."

కావేరి ఫోను చెవికి పెట్టుకునే తలెత్తింది. రఘురామ్ ఆమె వైపు చూడటం లేదు. ఆమె రాసిన పేజీని తన వైపు తిప్పుకుని, రెండో పేరు రాసి ఉన్న వరుస మీద వేలు పెట్టి నిదానంగా చదువుకుంటున్నాడు.

"సర్, గౌరి ఎక్కడ?"

ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"పూర్తి చెయ్యమ్మా" అన్నాడు. "ఇక తొందరేం లేదు."